మొర్రిగుట్ట అగ్గి కావలి

ఎవరైనా ఎదురైతే బుచ్చిరాములు ముందు ముఖం చూసేవాడు కాదు, చేతులు చూసేవాడు. వేళ్ల సందున మసి ఉందా, అంగీ జేబులో అగ్గిపెట్టె ఉందా, మడమలకు బూడిద అంటిందా... ఇవన్నీ చూసుకున్నాకే పలకరింపు. ఈ సంగతి మడుగుపల్లెలో అందరికీ తెలుసు. అతను వస్తుంటే చుట్ట తాగేవాళ్లు చేతులు వెనక్కి పెట్టుకునేవారు. దాంతో అతని అనుమానం ఇంకాస్త పెరిగేది.

పుట్టింది మెట్‌పల్లిలో, మగ్గాల ఇంట్లో. నూలు దొరకని రోజుల్లో మగ్గం ఆగిపోతే భార్య నర్మద పుట్టినూరు మడుగుపల్లెకు వచ్చి చేరాడు. బోథ్‌కు ఆరు కోసుల దూరంలో, టేకు అడవి అంచున నలభై గడపల ఊరది. వచ్చిన ఏడాదే అతనికి ఒక దెబ్బ తగిలింది. నిజాం రాజ్యం కూలబోయే ముందు, ఎండాకాలంలో, జంగ్లాత్ వాళ్ల చౌకీకి ఎవరో నిప్పు పెట్టారు. అడవి శాఖను అప్పుడందరూ జంగ్లాత్ అనేవారు. పొగ చూసి పరుగెత్తి, కప్పు మీది గడ్డిని లాగి పారేసి, మంటను కొట్టి ఆర్పినవాడు బుచ్చిరాములు. జవాన్లు వచ్చేసరికి అక్కడున్నది అతనొక్కడే. చేతులు నల్లగా ఉన్నాయి, అంగీ కాలి ఉంది. ఇంకేం కావాలి? పదకొండు రోజులు లోపల పెట్టారు. ఊరి వాళ్లలో ఒక్కరూ వచ్చి "ఆర్పింది ఈయనే" అని చెప్పలేదు. చూసినవాళ్లు ముగ్గురు ఉన్నారని అతనికి తెలుసు. బయటికి వచ్చాక ఆ ముగ్గురితో మాట్లాడటం మానలేదు గానీ, నమ్మడం మాత్రం మానేశాడు. ఆ ముగ్గురినే కాదు, అందరినీ.

అలాంటివాడిని జంగ్లాత్ వాళ్లే నాలుగేళ్ల తరువాత అగ్గి కావలికి పెట్టుకున్నారంటే విచిత్రంగానే ఉంటుంది. కొత్తగా వచ్చిన ఫారెస్టర్ లక్ష్మీరాజానికి గుట్టలు ఎక్కగల మనిషి కావలసి వచ్చాడు. మాఘం నుంచి తొలకరి దాకా పని. మొర్రిగుట్ట చుట్టూ నాలుగు బారల వెడల్పున ఆకు, గడ్డి ఊడ్చి నేల బయటపెట్టాలి. ఎక్కడ పొగ లేచినా పచ్చి కొమ్మలు విరుచుకుని వెళ్లి కొట్టి ఆర్పాలి. అడవికి నిప్పు పెట్టాల్సిన అవసరం ఎవరెవరికి ఉందో బుచ్చిరాములు మొదటి ఏడాదే లెక్క తీశాడు. గొర్లవాళ్లకు కొత్త గడ్డి కావాలి. తునికాకు కోసేవాళ్లకు లేత చిగురు కావాలి. ఇప్పపువ్వు ఏరేవాళ్లకు చెట్టు కింద నేల శుభ్రంగా ఉండాలి. అంటే మడుగుపల్లెలో నిప్పు పెట్టనివాళ్లంటూ ఎవరూ లేరన్నమాట.

అయిదేళ్లు గుట్ట మీద పెద్ద మంట రాలేదు. తరువాత ఒకదాని వెనక ఒకటిగా మూడేళ్లు వచ్చింది. ప్రతిసారీ ఫాల్గుణంలోనే, ప్రతిసారీ పడమటి వాలు మీదే, మిట్టమధ్యాహ్నం. మూడోసారి అయితే గాలి తోడై మంట గుట్ట తల దాకా ఎక్కింది. బుచ్చిరాములు సాయంత్రానికి చేరుకునేసరికి ఆర్పడానికి మిగిలింది లేదు. కాలిన గడ్డి మధ్య కుందేళ్లు చచ్చి పడి ఉన్నాయి.

లక్ష్మీరాజం అతన్ని తిట్టలేదు. మంచినీళ్లు తెప్పించి తాగించాడు.

"నువ్వు ఒక్కనివి ఏం జేస్తవ్ రాములు? ఆ వాగొడ్డున ఇప్పచెట్ల కాడ ఎవరుంటరో జర సూడు," అన్నాడు.

వాగొడ్డున ఉండేది గంగుబాయి. యాభై ఏళ్ల మనిషి, భర్త లేడు. కోడలితో కలిసి అయిదు ఇప్పచెట్ల పువ్వు ఏరుకుంటుంది. ఎండాకాలం మూడు నెలలూ ఆ ఇంటి తిండి ఆ పువ్వే. బుచ్చిరాములు వెళ్లి చూశాడు. అయిదు చెట్ల కిందా బూడిద ఉంది. గంగుబాయి వేళ్ల సందున మసి ఉంది.

"ఆకు కాలవెట్టినవా?"

"పెట్టిన. ఏటా పెడత. పువ్వు రాలేటందుకు జాగ గావాలె గద?"

అంతకంటే ఏం కావాలి అతనికి? జంగ్లాత్ వాళ్ల తనిఖీ చౌకీ అయిన నాకాకు వెళ్లి ఫారెస్టర్‌కు చెప్పాడు. మర్నాడు జవాన్లు వచ్చి గంగుబాయి గంపలు పట్టుకుపోయారు. ఆ ఏడు వాగు దాటి అడుగు పెట్టవద్దన్నారు. పువ్వు రాలే రోజులవి. తెల్లవారేసరికి చెట్ల కింద నేలంతా పసుపు తెలుపుగా పరుచుకునేది. పొద్దెక్కేసరికి అడవిపందులు తినిపోయేవి. గంగుబాయి వాగుకు ఇవతల నిలబడి చూసేది. బుచ్చిరాములు అటుగా వెళ్తే ఆమె ఏమీ అనేది కాదు. తిట్టి ఉంటే బాగుండునని అతనికి అనిపించేది. ఎందుకు తిట్టడం లేదో, ఏం ఆలోచిస్తున్నదో అని మళ్లీ అనుమానం.

పది రోజుల తరువాత కాలిన వాలంతా నడిచి రమ్మని ఫారెస్టర్ పంపాడు. ఎంత మేర పోయిందో రాసుకోవాలట. బుచ్చిరాములు కింద వాగు దగ్గర మొదలుపెట్టాడు. ఇప్పచెట్ల చుట్టూ అంతకు ముందు తాను చూడనిదొకటి కనబడింది. బూడిద చుట్టూ మూడు బారల మేర చీపురు ఆనవాళ్లు ఉన్నాయి. ఆ ఊడ్చిన నేలకు అవతల ఎండుటాకు ఎండుటాకుగానే ఉంది. గంగుబాయి పెట్టిన నిప్పు గంగుబాయి గీసిన గీత దాటలేదు.

అతని కాళ్లు అక్కడే ఆగిపోయాయి. మరి మంట ఎక్కడ పుట్టింది?

అగ్గి ఏ వైపు నుంచి వచ్చిందో చెట్టు చెబుతుంది. మంట వాలు ఎక్కుతూ వస్తే మానుకు కింది వైపు మసి తక్కువ ఎత్తున ఆగుతుంది, పై వైపు నిలువెత్తు పాకుతుంది. ఆ గుర్తు పట్టుకుని చెట్టు నుంచి చెట్టుకు నడిచాడు. గుర్తులన్నీ వెనక్కి వెనక్కి తీసుకువెళ్లి నడివాలులో, పాత బండిబాట ఆగిపోయే చోట నిలబెట్టాయి. అక్కడ నేలలో గుంటలు ఉన్నాయి. గుంటల్లో బూడిద మోకాలి లోతు ఉంది. ఒకదాన్ని కట్టెతో కెలికితే కింద వేళ్లు బయటపడ్డాయి. టేకు వేళ్లు. చెట్టు కొట్టేశాక మిగిలిన మొద్దు అది, నేల దాకా కాలిపోయింది.

ఆకుమంట నిమిషంలో దాటిపోతుంది. పచ్చి టేకు మొద్దును అది కాల్చలేదు. దాని మీద కొమ్మలు పేర్చి, పనిగట్టుకుని కాలిస్తే తప్ప మొద్దు బూడిద కాదు. ఎవరైనా ఎందుకు కాలుస్తారు? జంగ్లాత్ వాళ్లు అమ్మిన చెట్టుకైతే మొద్దు మీద సుత్తితో కొట్టిన ముద్ర ఉంటుంది. ముద్ర లేని మొద్దు అంటే దొంగతనంగా కొట్టిన చెట్టు. మొద్దు కాలిపోతే ముద్ర ఉందో లేదో ఎవరు చెప్పగలరు? గుట్టంతా అంటుకుంటే ఆ మంటలో ఇదొకటి, అంతే.

బుచ్చిరాములు ఆ గుంట పక్కనే కూర్చుండిపోయాడు. మొదటి ఏడు మంట వచ్చిన రోజు తాను ఎక్కడున్నాడు? టపా పట్టుకుని బోథ్ వెళ్లాడు. రెండో ఏడు? టపా పట్టుకుని బోథ్ వెళ్లాడు. ఈ ఏడు కూడా అంతే. మూడుసార్లూ "నువ్వే నమ్మకస్తునివి" అంటూ కాగితాల సంచి చేతిలో పెట్టి పంపినవాడు లక్ష్మీరాజం.

ఇంటికి వచ్చి నర్మదతో కూడా చెప్పలేదు. చెబితే ఆమె బావి దగ్గర ఎవరితోనైనా అంటుందేమోనని భయం. ఏం జరిగిందో తెలియక నర్మద నెల రోజులు పరేషాన్ అయింది.

ఆ చలికాలం పడమటి వాలు మీద మళ్లీ గొడ్డళ్లు పడ్డాయి. పుష్యమాసంలో వెళ్లి చూస్తే కొత్త మొద్దులు పద్నాలుగు. ఒక్కదాని మీదా ముద్ర లేదు. బండిచక్రాల జాడలు పెద్దబాట వైపు పోయాయి. ఆ బాటన కలప బండ్లు తోలించేది కొండల్, కంట్రాక్టరు దగ్గర పనిచేసేవాడు. నాకాలో కూర్చుని ఫారెస్టర్‌తో చాయ తాగేంత చనువు వాడికి.

ఎవరికి చెప్పాలి? బోథ్‌లో ఫారెస్టర్ మీది అధికారిగా రామచంద్రం అనే కొత్త రేంజర్ వచ్చాడని విన్నాడు. ఆయన ఎవరి మనిషో ఎవరికి తెలుసు? చెప్పినా మొదటి ప్రశ్న కావలివాడినే అడుగుతారు. చెట్లు పోతుంటే నువ్వేం చేస్తున్నావని. పదకొండు రోజుల లోపలి గది వాసన అతని ముక్కును ఇంకా వదల్లేదు.

చెప్పకుండానే గుట్టనూ, సాక్ష్యంగా మిగిలే ఆ మొద్దులనూ కాపాడే దారి ఒకటి ఉంది. ఫాల్గుణం వచ్చేలోపు వాలు మీద కాలడానికి ఏమీ లేకుండా చేయడం. అప్పుడు మొద్దులకు నిప్పు పెట్టినా, ఆ సంగతి దాచే గుట్టమంట లేవదు. అంత వాలును చీపుర్లతో ఊడ్చడం అయ్యే పని కాదు. మంచు తడి ఉన్నప్పుడే, చిన్న మంటలతో, కొంచెం కొంచెంగా కాల్చేయాలి. అలా కాల్చడం అతనికి రాదు. ఆర్పడమే వచ్చు. కాల్చడం తెలిసిన మనిషి ఊళ్లో ఒక్కతే.

మూడు రోజులు తటపటాయించి గంగుబాయి గుమ్మం ముందు నిలబడ్డాడు. ఆమె పెసళ్లు చెరుగుతోంది, చాట ఆపలేదు.

"ఎందుకొచ్చినవ్? ఇంకో గంప ఉన్నదేమో సూసి పోతందుకా?"

"గంప కోసం గాదక్కా. నీ లెక్క అగ్గి పెట్టుడు నేర్సుకుందామని వచ్చిన."

"నాతోని పెట్టిచ్చి, నన్ను లోపల ఏపిస్తందుకు."

బుచ్చిరాములు గుంటల సంగతి, మొద్దుల సంగతి, టపా సంగతి చెప్పాడు. ఎవరికీ చెప్పనివాడు అన్నీ ఒక్క గుక్కలో చెప్పేశాడు. గంగుబాయి విన్నది. నమ్మిందో లేదో ముఖం చూస్తే తెలియలేదు.

"అప్పుడు నా చెట్ల కింద ఊడ్సిన జాగ నీకు అవుపడలేదా?"

"అవుపడలే."

"సూడలే అను," అందామె. చాట పక్కన పెట్టి అంది: "నా మాట ఒకటుంది. మొదటి పుల్ల నువ్వే గీయాలె. నీ పెండ్లాం గూడ మా ఎంట రావాలె. పట్టుకపోతే నలుగురిని పట్టుకపోనీ. నేనూ నా కోడలే ఎందుకు పోవాలె?"

మాఘం రెండో వారంలో మొదలుపెట్టారు. బుచ్చిరాములు, నర్మద, గంగుబాయి, ఆమె కోడలు. మంచు సగం ఆరిన వేళ, గాలి లేవకముందు. బుచ్చిరాములు తెలియక వాలు కింద నిలబడి అగ్గిపుల్ల తీస్తే గంగుబాయి కేకేసింది.

"ఆడ గాదు! కిందికెల్లి పెడితే గుర్రం లెక్క పైకి ఉరుకుతది. మీదికెల్లి పెట్టు. దిగుకుంట వస్తే మెల్లగ, ముసలిదాని లెక్క దిగుతది."

గుట్ట తల మీద గీత ఊడ్చి అక్కడ నిప్పు పెట్టారు. మంట జానెడు ఎత్తు లేచి, తడి ఆకులో తడుముకుంటూ కిందికి దిగింది. పది బారలు దిగాక కింద ఊడ్చిన గీత దగ్గర ఆగిపోయింది. మళ్లీ పది బారలు. ముద్ర లేని మొద్దుల చుట్టూ ముందే ఆకు దూరంగా లాగేశారు. ఏడు పొద్దులు పట్టింది. గంగుబాయి అతనికి దూరంగానే ఉండేది. అతను ఇచ్చిన నీళ్లు తాగేది కాదు, సొరకాయ బుర్రలో ఆమె నీళ్లు ఆమె తెచ్చుకునేది. నర్మద ఇవన్నీ చూసింది.

"ఆమెకు నువ్వంటే ఇంక గుబులే ఉన్నది," అంది మొగుడితో.

"నాకూ ఉన్నది," అన్నాడు అతను.

పొగ నాకాకు కనబడింది. లక్ష్మీరాజం అడిగితే, గీతల మీద ఊడ్చిన ఆకు కాలుస్తున్నామని బుచ్చిరాములు చెప్పాడు. గీత మీది ఆకు కాల్చడం ఏటా జరిగేదే. ఫారెస్టర్ గుట్ట ఎక్కి చూసే మనిషి కాదు.

ఫాల్గుణంలో కొత్త రేంజర్ తనిఖీకి వస్తాడని కబురు వచ్చింది. కబురు వచ్చిన మూడో నాడు పొద్దున్నే లక్ష్మీరాజం టపా సంచి పట్టుకుని పిలిచాడు.

"బోథ్ వోయి రా రాములు. నువ్వైతేనే నమ్మకం."

బుచ్చిరాములు సంచి తీసుకున్నాడు. ఇంటి మీదుగా వెళ్లి, "ఇయ్యాలనే," అని నర్మదకు ఒక్క మాట చెప్పి, గంగుబాయికి కూడా చెప్పమని బోథ్ బాట పట్టాడు. దారంతా ఒకటే సందేహం. రేంజర్‌కు చెప్పాలా వద్దా? ఆయన ఫారెస్టర్ మనిషే అయితే ఈ పూటతో తన పని అయిపోయినట్టే. ఆఫీసు మెట్ల మీద కూడా తేల్చుకోలేకపోయాడు. రామచంద్రం సంచి అందుకుని కాగితాలు తిరగేసి, ముఖం చిట్లించాడు.

"వచ్చే వారం నేనే వస్తున్నా గదా. ఈ పాత లెక్కలు ఇప్పుడెందుకు పంపిండు?"

ఆ మాటకు బుచ్చిరాములు నోరు తెరుచుకుంది.

"నన్ను ఆడ లేకుంట జేసెటందుకు సార్. ఇయ్యాల మొర్రిగుట్ట కాలుతది."

రేంజర్ అతని వైపు చూశాడు. ముఖం కాదు, చేతులు చూశాడు.

"నీకెట్ల ఎర్క?"

"మూడేండ్లు గట్లనే కాలింది సార్."

"కాలితే మొదలు నిన్నే పడతా," అని రామచంద్రం జీపు తీయించాడు. వెనక సీట్లో ఇద్దరు గార్డుల మధ్య బుచ్చిరాములును కూర్చోబెట్టాడు. దొంగను తీసుకుపోయినట్టే తీసుకుపోయారు. గుట్ట కాలినా తనకే చేటు, కాలకపోతే అబద్ధం చెప్పినందుకు చేటు. ఏది కోరుకోవాలో తెలియక అతను కళ్లు మూసుకున్నాడు.

మధ్యాహ్నానికి చేరేసరికి మొర్రిగుట్ట మీద మంట లేదు. అక్కడక్కడా పొగలు మాత్రం లేస్తున్నాయి. బండిబాట చివర దాకా నడిచి వెళ్లారు. మొద్దుల మీద ఎండుకొమ్మలు గుట్టలుగా పేర్చి ఉన్నాయి. మూడు గుట్టలు అంటుకున్నాయి గానీ, చుట్టూ ఆకు లేక నిప్పు ఎటూ పోలేదు. నర్మద, గంగుబాయి, కోడలు కాలుతున్న కొమ్మలను కట్టెలతో దూరంగా ఈడ్చేస్తున్నారు. ముగ్గురి ముఖాలూ మసి. మిగిలిన పదకొండు మొద్దులు నరికినప్పటి రంగుతోనే ఉన్నాయి.

రేంజర్ ఒక్కో మొద్దు దగ్గరా వంగి చూశాడు. ముద్ర లేదు. అప్పటికి జీపు చప్పుడు విని లక్ష్మీరాజం కూడా ఆయాసపడుతూ ఎక్కి వచ్చాడు. ఒక్క నిమిషం తడబడి, వెంటనే గొంతు పెంచాడు.

"చూసిండ్రా సార్! చెట్లు అమ్ముకున్నది గీ కావలోడే. వాలంత ముందుగాల్నే కాలవెట్టిండు. ఎవరి హుకుంతోని కాలవెట్టిండో అడుగుండ్రి!"

రామచంద్రం నల్లబడిన వాలును, అందులోంచి అప్పుడే లేస్తున్న పచ్చగడ్డిని చూశాడు. తరువాత గంగుబాయి వైపు తిరిగాడు.

"ఇయ్యాల నిప్పు పెట్టింది ఎవరు? నువ్వు చూసినవా?"

బుచ్చిరాములు లెక్క వేసుకున్నాడు. ఆమె గంపలు పట్టించింది తను. ఆమె ఇంట్లో ఒక ఎండాకాలం పస్తులకు కారణం తను. ఇప్పుడు ఆమె వేలెత్తి తన వైపు చూపిస్తే కాదనడానికి తన దగ్గర ఏముంది? అతని చూపు నేల మీదికి వాలిపోయింది.

"సూసిన," అంది గంగుబాయి. "కొండల్. ఇద్దరు మనుషులను ఎంట తెచ్చి కొమ్మలు పేర్సిండు. మమ్ముల జూసి కింది బాటన ఉరికిండు. నా కోడలు గూడ జూసింది."

"మరి ఈ వాలు కాల్చింది?"

"గది గీయన. పుల్ల గీసింది గీయనే. ఎట్ల గీయాల్నో చెప్పింది నేను."

విచారణ వర్షాకాలం దాకా సాగింది. కొండల్‌కు కొన్ని నెలల జైలు పడింది. కంట్రాక్టరు పేరు ఏ కాగితంలోనూ రాలేదు. లక్ష్మీరాజాన్ని దూరం బదిలీ చేశారు, అంతకు మించి ఏమీ కాలేదు. హుకుం లేకుండా అడవిలో నిప్పు పెట్టినందుకు బుచ్చిరాములును కావలి నుంచి తీసేశారు. ఆ ఉత్తర్వు మీద సంతకం రామచంద్రానిదే. "నాకు తెలిసిందే," అన్నాడు బుచ్చిరాములు, ఆశ్చర్యపోకుండా. రెండేళ్లు కూలికి పోయాడు. ఆ రెండేళ్లలో తూర్పు వాలు ఒకసారి కాలింది. పడమటి వాలు మీద మాత్రం మొద్దుల నుంచి టేకు పిలకలు నడుమెత్తు లేచాయి.

మూడో ఏడు మాఘంలో రేంజర్ నుంచి కాగితం వచ్చింది. ఇక మీదట మొర్రిగుట్ట మీద ఆకును ముందే, మంచు వేళ కాల్చాలని, ఆ పనికి బుచ్చిరాములును, గంగుబాయిని పెట్టుకోవాలని అందులో ఉంది. బుచ్చిరాములు కాగితాన్ని మూడుసార్లు చదివించుకున్నాడు. ఇందులో ఏం మెలిక ఉందోనని వారం ఆలోచించాడు. నర్మద పోరగా పోరగా పనిలో చేరాడు.

తరువాత ఏడెనిమిదేళ్లు ఆ ఇద్దరూ కలిసే గుట్ట కాల్చారు. పని వేళ తప్ప మాట్లాడుకునేవారు కాదు. ఒకసారి, మంట గీత దగ్గర ఆరిపోతుండగా, అతను ఉండబట్టలేక అడిగాడు.

"అక్కా, ఆ దినం మొద్దులకు అగ్గి పెట్టింది నేనే అని ఎందుకు చెప్పలే?"

గంగుబాయి చీపురు నేలకు కొట్టి దుమ్ము దులిపింది.

"కండ్లకు అవుపడ్డది చెప్పిన. అంతకంటె ఇంకేముంది అండ్ల?"

బుచ్చిరాములు తల ఊపాడు. కానీ ఆ మాట అతనికి చాలలేదు. గుట్ట దిగేటప్పుడు ఆమె నాలుగడుగులు ముందు నడుస్తుంటే, మనసులో ఇంకేదో పెట్టుకునే అలా అన్నదని, ఎప్పుడో ఒకప్పుడు అది బయటపడుతుందని అనుకుంటూ ఆమె వెనకే వాగు దాకా దిగాడు.